కడిగిన మైల యెచ్చటికి పోవును?

ఇల్లు శుభ్రముగా నుండవలెనని కోరని గృహస్థు లేడు. తెల్లవారగానే వాకిలి యూడ్చుదుము, అంట్లు తోమించుదుము, బట్టలు ఉదికించుదుము, నేల తుడిపించుదుము, స్నానపుగది గోడలు తళతళలాడువరకు రుద్దించుదుము. అంతయు ముగిసిన పిదప వీధిగుమ్మమున నిలిచి లోనికి చూచుకొని, "ఇల్లు అద్దమువలె నున్నది గదా!" యని తృప్తి చెందుదుము. ఆ తృప్తి తప్పుగాదు. అయినను ఆ సమయమున ఇంటిలోని పసివాడెవ్వడైన మన కొంగుపట్టుకొని, "అమ్మా, ఆ మురికి యెక్కడికి పోయింది?" అని యడిగినయెడల మనము చెప్పు సమాధానమేమి? "పోయిందిలే" యందుము. పోవుటయన నశించుట కాదని ఆ పసివానికి తెలియదు. మనకు తెలిసియు మనము తలంపము.

మలినము నశించునది గాదు. స్థలము మారునది మాత్రమే. పళ్ళెమునందలి నెయ్యి నీటిలోనికి వచ్చినది. ఆ నీరు తూమునుండి కాలువలోనికి, కాలువనుండి చెరువులోనికి, చెరువునుండి వాగులోనికి, నదిలోనికి చేరినది. నెయ్యి యొంటరిగా పోలేదు. దానిని వదలించుటకు మనము వాడిన పొడియు, ద్రవమును, పరిమళమును దానివెంట పోయినవి. కావున కడుగుట యనెడి కార్యమునకు రెండు కొనలున్నవి. ఒక కొన మన వంటింటిలో నున్నది; దానిని మనము చూచుచున్నాము. రెండవ కొన మనము చూడని యొకచోట, మనమెరుగని యొకరి నీటిలో, ఒకరి చేతిలో నున్నది. మొదటి కొననే చూచి "మేము శుచిమంతులము" అని చెప్పుకొనుట న్యాయమగునా? ఈ చిన్న వ్యాసమునందు నేను విచారింపదలచినది ఈ ధర్మసందేహమునే.

మన దేశమున శుచిని గూర్చిన విచారము తక్కువ కాదు, నిజమునకు ఎక్కువ. తడిబట్ట మడి, పట్టుబట్ట మడి, అంటు, ముట్టు, ఎంగిలి, మైల యని యెన్నియో విభాగములను మన పూర్వులు కల్పించిరి. కాని ఆ శుచియొక్క స్వభావమేమి? నా చుట్టును ఒక గీత గీచికొని, గీతలోపల నున్నది శుద్ధము, వెలుపల నున్నది మలినము అని నిర్ణయించుట. గీత వెలుపల నేమి జరిగినను మడి చెడదు. నట్టింటిలో మడి కట్టుకొనిన యిల్లాలు పెరటిగోడమీదుగా ఎంగిలాకులను పొరుగుదొడ్డిలోనికి విసరినను ఆమె మడికి లోపము లేదు. ఊరంతయు శుచిగా నుండుటకై యొక తెగవారిని ఊరిబయట నుంచి, వారిచేత మలము మోయించి, ఆ మోసినందులకే వారిని అశుచులనిన దేశము మనది. ఈ మడిని సంస్కర్తలు ఖండించిరి. మనమును వారి పక్షమువారమని చెప్పుకొనుచున్నాము. మడికట్టు విడిచితిమి. కాని గీతను విడిచితిమా? మన యింటి తూముకంతతో మన బాధ్యత ముగిసినదని యెంచుట, ఆ పాత గీత కాక మరియేమి?

పూర్వకాలమున ఈ ప్రశ్న ఇంత తీక్ష్ణముగ నుండెడిది కాదు. అంట్లకు పొయ్యిలోని బూడిద, కొబ్బరిపీచు; ఇత్తడి రాగి పాత్రలకు చింతపండు; తలకు కుంకుడుకాయ, శీకాయ; పట్టుబట్టలకు కుంకుడు రసము; రజకునికి చవుడుమన్ను. ఇవి యన్నియు నేలనుండియో చెట్టునుండియో వచ్చి తిరిగి నేలలో కలిసిపోయెడివి. వీని పని వెనుక రసాయనశాస్త్ర మెంతయో కలదు. కట్టెబూడిదలో పొటాషియము కార్బొనేటు అను క్షారమున్నది. అది జిడ్డుతో కలిసి కొంత సబ్బుగా మారును. బూడిద రేణువులు రాపిడికి తోడ్పడును. చవుటినేలపై తెల్లగా పొంగు పొడిలో సోడాక్షార మున్నది. చింతపండునందలి ఆమ్లము రాగి యిత్తడులపై పట్టిన చిలుమును కరగించును. కుంకుడుకాయ తొక్కలో సాపోను లనెడి పదార్థములున్నవి. నీటితో కలిసి నురుగు నిచ్చి జిడ్డును పట్టి లాగునది అవియే. వృక్షశాస్త్రజ్ఞులు కుంకుడుజాతికి పెట్టిన సపిండస్ అను పేరునకు భారతదేశపు సబ్బు అని యర్థము. మన యవ్వలు ఈ పేరులు వినలేదు. పని మాత్రము తెలిసికొనిరి.

పిదప కాలము మారినది. సబ్బునకు కొవ్వు కావలయును. 1914లో ఆరంభమైన మహాయుద్ధకాలమున కొవ్వు కొరతపడి జర్మనీ దేశమువారు కొవ్వు లేకయే మురికిని వదలించు కృత్రిమ పదార్థములకై వెదకిరి. రెండవ మహాయుద్ధము తరువాత శిలాతైలమునుండి తీసిన డిటర్జెంటు పొడులు లోకమంతట వ్యాపించినవి. వీనియందలి గుణమును కాదనరాదు. బోరునీటివంటి కఠినజలములో సబ్బు తెల్లని తెట్టుగా విరిగిపోవును; ఈ పొడి విరుగదు. ఉప్పునీటి యూళ్ళలో బట్టలుదికిన స్త్రీలకు ఇదెంత మేలు చేసినదో వారినే యడుగవలయును. కాని ఆనాటి పొడులలో ఒక దోషముండెను. వాని యణువులు కొమ్మలు కొమ్మలుగా నుండుటచే నీటిలోని సూక్ష్మజీవులు వానిని జీర్ణించుకొనలేకపోయినవి. తత్ఫలముగా 1950వ సంవత్సరమునకు పిమ్మట యూరపు, అమెరికా దేశముల నదులపై నురుగు గుట్టలుగా లేచెను. పశ్చిమజర్మనీ 1961లో దీనిపై చట్టము చేసెను. అది 1964లో అమలునకు వచ్చెను. 1965 నాటికి అమెరికాలోని తయారుదార్లు కొమ్మలు లేని తిన్నని యణువులకు మారిరి. నురుగు తగ్గెను. దోషమును గుర్తించి దిద్దికొనవచ్చునని దీనివలన తెలియుచున్నది. దిద్దికొనుటకు ముందు అది యెవరి నదిపాలైనదో గూడ తెలియుచున్నది.

తరువాత మరియొక దోషము బయటపడెను. పొడి బాగుగా పనిచేయుటకై ఫాస్ఫేటులను కలుపుచుండిరి. ఫాస్ఫరసు పొలమున వేసిన యెరువు. చెరువున వేసిననూ ఎరువే. కాని అచట పండునది వరి గాదు, నాచు. నాచు విపరీతముగ పెరిగి, చచ్చి, క్రుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు ఊపిరాడక చచ్చును. అమెరికా కెనడాల నడుమనున్న ఈరీ సరస్సునకు ఈ దుర్దశ పట్టగా, ఆ రెండు ప్రభుత్వములును 1972లో ఒడంబడిక చేసికొని ఫాస్ఫరసును తగ్గింప బూనిరి. దూరదేశపు మాట యేల? మన పొరుగున బెంగుళూరునందలి బెళ్ళందూరు చెరువు చాలినంత నిదర్శనము. పట్టణపు మురుగునీరు శుద్ధిలేక వచ్చి చేరగా, ఆ చెరువుపై తెల్లని నురుగు మనుష్యుని యెత్తున లేచి వీధులలోనికి ఎగిరెను. 2015లో ఆ నురుగునకు నిప్పంటుకొనెను. నీరు మండినదను మాట పురాణములలో విని యాశ్చర్యపడితిమి. మన కన్నులయెదుట జరుగగా వార్తాపత్రికను మడిచి ప్రక్కన బెట్టితిమి.

మురుగునీటిని శుద్ధిచేయు యంత్రశాలలున్నవి గదా, మనకేల భయమని యెవరైన ననవచ్చును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, మన దేశపు పట్టణములలో దినమొకటికి పుట్టు మురుగునీరు 72,368 మిలియను లీటర్లు. నిజముగ శుద్ధియైనది 20,236 మిలియను లీటర్లు. అనగా నాలుగు బిందెలలో మూడు బిందెలు ఉన్నవి యున్నట్లే చెరువులకు, నదులకు పోవుచున్నవన్నమాట. మన తూము వెలుపల నెవరో యొకరు మన మైలను సరిచేయుచున్నారను నమ్మకము నాలుగింట మూడుపాళ్ళు అబద్ధము.

ఇంతవరకు చదివిన సోదరీమణి యొకతె, "అట్లయిన ఈ రసాయనములనన్నిటిని పారవైచి ప్రకృతిసిద్ధమైన వానినే వాడుదము, అంతటితో దోషము తీరును" అనవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలంచితిని. కాని ప్రకృతిసిద్ధము అను మాట యొక మంత్రము గాదు. పాము విషము ప్రకృతిసిద్ధమే, గన్నేరుపప్పు ప్రకృతిసిద్ధమే. కుంకుడు రసము కంటబడి కేకలు పెట్టని తెలుగు బిడ్డ యున్నదా? అప్పుడు తల్లి నోటిలో ఉప్పుకల్లు వేసి ఓదార్చుట మన మందరము నెరిగినదే. అదే సాపోను చేప మొప్పలకు మరింత క్రూరమైనది. ఇట్టి కాయలను నలుగగొట్టి మడుగులో కలిపి చేపలను మత్తిల్లజేసి పట్టుట పెక్కు అడవిప్రాంతముల జనులకు తెలిసిన విద్య. ఆవుపేడతో అలికిన వాకిలి కన్నులపండువే. కాని ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవుల బీజములు మట్టిలోను పేడలోను ఉండును. బొడ్డుకోసిన పుండుపై పేడ పూసిన యాచారము ఎందరు పసికందులను పొట్టనబెట్టుకొనెనో! టీకాలవలనను, శుభ్రమైన ప్రసవములవలనను తల్లీబిడ్డల ధనుర్వాతము మన దేశమున నిర్మూలనమైనదని 2015లో ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపరచెను. ఆ మేలు పేడవలన వచ్చినది గాదు.

అట్లే కృత్రిమము అను మాటయు తిట్టు గాదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్వైసు అను వైద్యుడు క్లోరిను కలిపిన సున్నపునీటితో చేతులు కడుగుకొనుడని తోడివైద్యులను నిర్బంధింపగా, బాలింతల మరణములు ఒక్కసారిగ తగ్గినవి. నేటికిని కలరా పుట్టిన యూరిలో నూతిలో కలుపవలసినది బ్లీచింగు పొడియే కాని తులసిదళము గాదు. 2020లో మహమ్మారి లోకమును చుట్టుముట్టినప్పుడు కోట్లమంది చేతిలో నిలిచిన ఆయుధము సామాన్యమైన సబ్బు. వైరసుపై నుండు కొవ్వుపొరను అది చీల్చివేయును. కావున మంచిచెడ్డలకు కొలత, పుట్టుక గాదు, గమ్యము. ఒక పదార్థము చెట్టునుండి వచ్చినదా, కర్మాగారమునుండి వచ్చినదా యనుట రెండవ ప్రశ్న. అది ఎచ్చటికి పోవును, పోయినచోట ఏమి చేయును, దానిని పట్టుకొనిన చేతికేమగును అనునవి మొదటి ప్రశ్నలు. పుట్టుకనుబట్టి శుద్ధాశుద్ధములను నిర్ణయించుట మనుష్యుల విషయమున ఎంత తప్పో పదార్థముల విషయమునను అంత తప్పు.

నేడు అంగళ్ళలో ఆకుబొమ్మ వేసిన సీసాలు వరుసలుగా నున్నవి. వేప, నిమ్మ, తులసి పేరులు పెద్ద యక్షరములతో నుండును. లోపలనున్న వస్తువుల పట్టిక చిన్న యక్షరములతో నుండును. కొన్నిటిమీద ఆ పట్టికయే యుండదు. సీసా ప్లాస్టికుది, వెల ఇబ్బడి. సంపన్నగృహిణి దానిని కొని, పొరుగింటివారి సామాన్యపు పొడిని చూచి ముక్కు విరుచును. ఇది నవీనమైన మడి. చెరువును కాపాడుటకు గాక, తాను శుద్ధురాలనని యెంచుకొనుటకై చేయు కొనుగోలు. మన ప్రభుత్వము 1991లోనే పర్యావరణమునకు మేలైన వస్తువులకు మట్టికుండ గుర్తును ఏర్పరచినది. ఆ కుండ గుర్తు నెరిగినవారు మనలో నెందరు? ఆకుబొమ్మను నమ్ముట సులభము. గుర్తును, పట్టికను చదువుట కష్టము.

ఇక నా యింటిలో జరిగిన యొక చిన్న సంగతి చెప్పెదను. ఇందు నాకు గౌరవము కలుగునది ఏమియు లేదు.

కొన్నియేండ్ల క్రిందట, ఇట్టి విషయములను చదివి, నా మనసు కలతచెంది, ఇంటిలో పొడులను, ద్రవములను మాన్పించితిని. కుంకుడుకాయలు తెప్పించి, నానవేయించి, కాచి రసము తీయించితిని. గ్యాసుపొయ్యి గల యింట బూడిద యెక్కడిది? అది సంచిలో పోసి అమ్ముచుండగా కొంటిని. మా తాతగారు వినియుండిన నవ్వుచు పడియుందురు. నెలదినములు గడచినవి. వచ్చిన బంధువులకెల్ల మా యింటి తూమునుండి చెరువునకు హాని లేదని చెప్పి, వారి మెప్పు పొందుచుంటిని. ఒకనాటి యుదయమున మా యింట అంట్లు తోము నామె పని ముగించి, కొంగుతో చేతులు తుడుచుకొనుచు, గుమ్మముకడ నిలిచి మెల్లగా నిట్లనెను:

"బాబుగారూ, ఈ రసంతో నూనెజిడ్డు పోవడంలేదండీ. ఒక్కొక్క మూకుడు రెండుసార్లు తోమాల్సొస్తోంది. మీ యింట్లో అరగంట ఎక్కువ పడుతోంది. పై యింట్లో ఆలస్యమైందని మాట పడుతున్నానండీ."

నాకు మొదట కలిగినది చిరాకు. చెరువు చచ్చుచుండగా ఈమెకు అరగంట లెక్కయా యనుకొంటిని. ఆ మాట పైకి అనలేదు గాని, అనుకొన్నది నేనే. తరువాత ఆమె చేతులను చూచితిని. వ్రేళ్ళసందులలో చర్మము పగిలి, ఎర్రనై, గోళ్ళచుట్టును తెల్లబారి యున్నది. "ఇది బూడిదవలననా?" యని యడిగితిని. "బూడిద ఇప్పుడొచ్చింది గదండీ. ఇది పాత పొడినాటి నుంచీ ఉంది" అనెను.

చదువరులారా! నేను పొడిని వాడించినప్పుడు ఆమె నడుగలేదు. మాన్పించినప్పుడును ఆమె నడుగలేదు. పొడి నాకు సౌకర్యము, ఆమెకు పగుళ్ళు. బూడిద నాకు పుణ్యము, ఆమెకు అరగంట. మా యింటిలో మూకుడు ఒక్కటియైన నేను తోమియుండలేదు. చెరువునందలి చేపను గూర్చి ఆలోచించిన నా ధర్మబుద్ధి, మూడడుగుల దూరమున పీటపై కూర్చుండి పనిచేయు మనిషిని దాటి పోయినది. గీతను చెరిపితినని గర్వించిన నేను దానిని కొంచెము దూరమునకు జరిపితిని, అంతియే.

అప్పుడు నాకు మరియొక సంగతి తెలిసినది. "మన యవ్వల పద్ధతి యెంత చక్కనిది!" యని మనము పొగడునప్పుడు ఆ పద్ధతికి చెల్లిన మూల్యమును మరచుచున్నాము. మసిపట్టిన ఇత్తడి గిన్నెలను బావిగట్టున కూర్చుండి గంటలకొలది తోమినది ఎవరు? ఆ యవ్వలే, లేదా వారికి ఊడిగము చేసిన పేదస్త్రీలు. నదులు నిర్మలముగ నుండుటకు కారణము వారి నడుములు వంగుట. పొడి వచ్చి వారి వెన్నును కొంత నిలిపినది. ఇప్పుడు పర్యావరణము పేరిట ఆ భారమును తిరిగి వారి తలపైననే పెట్టుట సంస్కారము కాదు. స్త్రీ శ్రమను లెక్కలోనికి తీసికొనని ప్రకృతిప్రేమ, మడికట్టు కొన్న జాలి వంటిది.

మరునాటి నుండి పదునైదు దినములు ఆ యంట్లు నేనే తోమితిని. దీనిని త్యాగముగ చెప్పుటలేదు, నేర్చుకొనుటకు చేసితిని. 1901లో కలకత్తా కాంగ్రెసునకు వచ్చిన గాంధిగారు అచటి మరుగుదొడ్ల దుస్థితిని చూచి చీపురు తామే పట్టిరి. చేతితో చేసిననే గాని తెలియని జ్ఞాన మొకటి కలదు. నాకు తెలిసిన దిది: అంట్లలోని కష్టమంతయు నూనెలో నున్నది, నూనెను నీటిలో కలిపిన తరువాతనే పొడితో పని కలుగుచున్నది. భోజనమైనవెంటనే పళ్ళెమును, మూకుడును పాతకాగితముతో గాని ఎండుటాకుతో గాని తుడిచివేసినయెడల సగము పని తీరును. తక్కిన సగము వేడినీళ్ళతో తీరును. అటుపిమ్మట కొంచెము సబ్బు చాలును. ఈ తుడుచుట తోమువారి పని గాదు, తినినవారి పని. ఇంటిల్లిపాదియు తమ తమ పళ్ళెములను తుడిచి కడుగుకొనుట మొదలుపెట్టితిమి. పిల్లలు ముందు గునిసిరి, పిదప అలవాటుపడిరి; పెద్దలు అలవాటుపడుటకు ఎక్కువ కాలము పట్టినది. ఆమె యెంచుకొనిన మృదువైన సబ్బునే తెప్పించితిమి, తొడుగులు కొంటిమి, జీతము హెచ్చించితిమి. ఆమె చేతుల పగుళ్ళు కొంత తగ్గినవి, పూర్తిగా మానలేదు. ఆమె ఇంకను మూడిండ్లలో పనిచేయుచున్నది. ఆ యిండ్ల పొడి మా వశము గాదు.

ఈ యనుభవమునుండి నేను గ్రహించిన నియమములను కొన్నిటిని గృహస్థుల యెదుట నుంచుచున్నాను. మొదటిది: మైలను తీయుటకంటె మైలను తక్కువ చేయుట మేలు. రెండవది: పనికి తగిన పదార్థము. ఇత్తడికి చింతపండును, నిమ్మచెక్కను మించినది లేదు. పట్టునకు, ఉన్నికి, తలకు కుంకుడురసము చాలును. పరుపులకు, దుప్పట్లకు ఎండను మించిన మందు లేదు. దానికి వెల లేదు, తూము లేదు. మూడవది: కొలత. పొడి రెట్టింపు వేసిన బట్ట రెట్టింపు తెల్లబడదు. నురుగు శుభ్రతకు గుర్తు గాదు, మన కంటికి కలుగు సంతోషము మాత్రమే. నాల్గవది: విషము తీవ్రముగ కావలసినచోట వాడుటకు వెనుదీయరాదు, అక్కరలేనిచోట వాడరాదు. రోగి వాంతులు చేసికొనిన నేలకు బ్లీచింగు ద్రావకము ఉచితమే. నిత్యము తుడుచు నట్టింటికి నీళ్ళు చాలును. సూక్ష్మజీవులను చంపునని చెప్పి అమ్ము సబ్బులలో ట్రైక్లోసాను మొదలగు 19 పదార్థములను అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధశాఖ 2016లో నిషేధించినది. ఏలయన సామాన్యపు సబ్బునీళ్ళకంటె అవి మేలని తయారుదార్లు నిరూపింపలేకపోయిరి. అయిదవది: తెలియక కలుపరాదు. బ్లీచింగు ద్రావకమును మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో కలిపిన క్లోరిను వాయువు పుట్టి ప్రాణము తీయగలదు. వెనిగరును వంటసోడాను కలిపి పొంగించు గృహవైద్యము అపాయము లేనిదే గాని ప్రయోజనమును లేనిది. ఒకటి మరియొకదానిని చంపి, ఉప్పునీరు వంటి దానిని మిగుల్చును.

ఆరవ నియమము అన్నిటికంటె ముఖ్యము. వస్తువును మార్చుటకు ముందు దానిని చేతబట్టు మనిషిని అడుగవలయును. స్నానపుగదిలో చీటిలేని సీసాలో నున్న ఆమ్లమును, ముక్కునకు గుడ్డయైన లేకుండ వంగి రుద్దు మనిషి ఊపిరిలోనికి ఏమి పోవుచున్నదో యజమాని యెరుగవలయును. ఇంటిబయటి మాట మరింత దారుణము. చేతులతో మలమెత్తించుటను మన దేశపు చట్టము 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా నిషేధించినది. తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సనుగారు తమ జీవితమును ఈ పోరాటమునకే ధారవోసి, 2016లో మెగసెసే పురస్కారము నందిరి. అయినను మురుగు గొట్టములలోనికి దిగి ఊపిరాడక మరణించువారి వార్తలు నేటికిని వచ్చుచునే యున్నవి. మన తూమున పోసిన ప్రతి చుక్కయు, ప్రతి జిడ్డు ముద్దయు, ఆ గొట్టములలోనికే పోవును. అచట అడ్డుపడిన దానిని తీయుటకు ఒక మనిషిని దింపుదురు. "మురికి యెక్కడికి పోయింది?" అను పసివాని ప్రశ్నకు కడపటి సమాధానము ఒక్కొక్కప్పుడు ఒక మనిషి పేరు.

"మా యొక్క యింటి చుక్కలవలన చెరువు చెడునా? మా యొక్క యింటి నియమమువలన బాగుపడునా?" యని కొందరందురు. న్యాయమైన ప్రశ్నయే. ఒక యింటి సబ్బుపొడికంటె ఒక కర్మాగారపు గొట్టమును, ఒక పురపాలకసంఘపు అలసత్వమును వేయిరెట్లు హాని చేయునవి. వంటింటి నియమములు పాటించి, శుద్ధిశాలలు కట్టుమని పాలకులను అడుగుట మానినయెడల మనలను మనమే మోసగించుకొనువారము. జర్మనీ నదులపైని నురుగును తగ్గించినది గృహిణుల జాగ్రత్త కాదు, చట్టము. కాని చట్టమునకై యడుగు నోరు ఎవరిది? తన తూము ఎచ్చటికి పోవునో యెరిగినవానిది. తన చేత మూకుడు తోమినవాడే మురుగుకాలువను గూర్చి సభలో లేచి మాట్లాడగలడు. తన యింటిలో ఒక మనిషి చేతిని చూడనివాడు నగరపు గొట్టములోని మనిషిని చూచునని నేను నమ్మజాలను. ఇంటి యాచారము లోకమును బాగుచేయదు. లోకమును చూచు కన్నును మాత్రము తెరచును.

శుచి యనగా నేమి యని ఆరంభమున ప్రశ్నించితిమి. నా యింటిలోపల మైల లేకుండుట శుచి కాదు. నా మైలను మరియొకరి నెత్తిన వేయకుండుట శుచి. కుంకుడుకాయ ఆ శుచికి సహాయపడవచ్చును, సబ్బు సహాయపడవచ్చును, వేడినీరు సహాయపడవచ్చును. వీనిలో ఏదియు దానికి బదులు గాదు. ఈ రాత్రి భోజనమైన పిదప తమ పళ్ళెమును తామే తుడిచి, ఆ నీరు పోవు తూముకడ ఒక్కక్షణము నిలిచి, అది ఏ కాలువలో, ఏ చెరువులో కలియునో ఇంటివారిని అడిగి చూడుడు. పెక్కిండ్లలో సమాధానము దొరకదు. దొరకనిచో, రేపటి యుదయమున ఆ కాలువవెంట కొంతదూరము నడచి చూచిరండు. పసివాని గూడ తీసికొనిపొండు.